శిక్షపడిన వారికీ డీఎన్‌ఏ పరీక్ష హక్కు కావాలి

2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురయింది. మరుసటి ఏడాది పోలీసులు సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి అరెస్టు చేసి, డీఎన్‌ఏ సరిపోయిందన్నారు. 2010లో యావజ్జీవ శిక్ష పడింది. అతడు దోషి కాడని ఆయేషా తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ప్రాసిక్యూషన్ కథనాన్ని నమ్మక, అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది.

తరువాత సీబీఐ దర్యాప్తు మొదలయ్యేసరికి కేసు వస్తువులు కోర్టులోనే ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలిలో ఆయేషా సమాధిని తవ్వి అవశేషాలను మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. బిడ్డ ఖబర్ తవ్వడమంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆధారం భద్రంగా ఉండి ఉంటే ఆ తల్లిదండ్రులకు ఆ రోజు వచ్చేదా?

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం పోలీసులు సేకరించే కొలతల్లో జీవ నమూనాలూ ఉన్నాయి. ఆ రికార్డును 75 ఏళ్లు దాచవచ్చు. మనిషిని పట్టించే రికార్డుకు అంత ఆయుష్షు ఇచ్చిన ప్రభుత్వం, అతణ్ణి విడిపించగల రక్తపు మరకకు, గుడ్డపేలికకు ఆ పాటి భద్రత ఇవ్వలేదు. అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. కానీ అది కోర్టు విచక్షణ, ఖైదీ హక్కు కాదు. అమెరికాలో 2004 ఫెడరల్ చట్టం శిక్షపడిన వారికి డీఎన్‌ఏ పరీక్ష కోరే అవకాశమిచ్చింది. వారు జైల్లో ఉన్నంతకాలం జీవ ఆధారాన్ని కాపాడమంది. మన డీఎన్‌ఏ బిల్లు 2023లో ఉపసంహరణ పాలైంది. వ్యక్తుల గోప్యత విషయంలో ఆ బిల్లుపై మాకూ భయాలుండేవి, అది వేరే మాట.

2025 జూలైలో కట్టవెళ్లై కేసులో సుప్రీంకోర్టు, నమూనాలు 48 గంటల్లో ల్యాబుకు చేరాలని, అవి చేతులు మారిన వివరాల రిజిస్టరును శిక్షో, విడుదలో తేలేదాకా నిర్వహించాలని ఆదేశించింది. మంచిదే. శిక్ష తేలాక?

నిజామాబాద్ బీడీ కార్మికురాలికి, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కూలికి వెళ్తున్న బోధన్ తండ్రికి హైదరాబాదులో వకీలును పెట్టుకునే స్తోమత ఎక్కడిది? కస్టడీలో ఉన్న వారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమిచ్చిన హక్కు. పరీక్ష ఖర్చూ అందులో భాగం కావాలి. పరీక్షలో నేరమే రుజువైతే కానీండి, బాధితులకూ ఆ నిజమే కావాలి. అప్పీలు పెండింగులో ఉన్న కుటుంబాలు ఇప్పుడే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వస్తువులను ధ్వంసం చేయకుండా ఉత్తర్వు కోరుతూ దరఖాస్తు పెట్టించుకోవాలి.