తొమ్మిది సెంట్ల పాట

పోయిన నెలలో ఒక సాయంత్రం మోహన్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల సారు మా షాపుకొచ్చారు. ముప్పై ఏళ్ల పరిచయం మాది. చేతిలో ఖాళీ పెన్‌డ్రైవ్, జేబులో ఫోను. అమెరికాలో ఉన్న కొడుకు ఏదో విదేశీ వెబ్‌సైటులో డబ్బు కట్టి 40 పాత పాటలు కొని పంపాడట. వాటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మంచం పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్‌లో మోగేలా చేసిమ్మన్నారు.

ఫోన్లో రశీదు చూపించారు. పాటకు 9 సెంట్లు, మొత్తం 3 డాలర్ల 60 సెంట్లు. కార్డు మీద కట్టిన వివరం, ఆర్డరు నంబరు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తర్వాత పాటల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. గాయకుడి పేరుండాల్సిన గడిలో సైటు పేరుంది. సంగీతం గడిలోనూ అదే పేరు. పాట రాసినవారి గడి ఖాళీ. నలభై పాటల్లోనూ ఇదే వరస.

"సార్, ఇవి నేను ఎక్కించలేను" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "అదేందయ్యా? పైసలు కట్టి కొన్నయే గదా. దొంగతనం ఎట్లయితది?"

ఆ పూట గిరాకీ ఎక్కువగా ఉంది, నాకు మాట కూడా సరిగా అందలేదు. ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆయనొక్కరిదే కాదని నాకు తెలుసు.

1990లో నేను హైదరాబాద్ కొత్తపేట పండ్ల మార్కెట్ ఎదురుగా క్యాసెట్ల షాపు పెట్టాను. మామిడికాయల సీజన్ వస్తే రాత్రంతా లారీలే. డ్రైవర్లు, హమాలీలు, కమీషన్ ఏజెంట్ల గుమాస్తాలు నా గిరాకీ. కంపెనీ క్యాసెట్లు అమ్మేవాణ్ని. కానీ నాకు అన్నం పెట్టింది రికార్డింగు. ఎవరికి నచ్చిన పాటలు వాళ్లు చీటీ మీద రాసుకొచ్చేవారు. 90 నిమిషాల ఖాళీ క్యాసెట్, ఒక్కో వైపు 45 నిమిషాలు. పక్కపక్కనే రెండు డెక్కులు పెట్టుకుని, పాట అయిపోయే క్షణానికి సరిగ్గా పాజ్ నొక్కాలి. అర సెకను ఆలస్యమైతే తర్వాతి పాట తల తెగి పడేది. ఆ పని నాకు బాగా వచ్చు, దూరం నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

డబ్బాలో పెట్టే అట్ట మీద నా చేత్తోనే రాసేవాణ్ని. పాట మొదటి మాట, సినిమా పేరు, ఈ రెండే పట్టేవి. కంపెనీ క్యాసెట్ అట్ట మీద ప్రతి పాట కిందా రచన, సంగీతం, గానం అని మూడు వరసలుండేవి. ఆ మూడు వరసలూ నా అట్ట మీదికి ఎక్కలేదు. అవి లేకపోతే ఏమవుతుందని అప్పట్లో నాకు అనిపించలేదు.

సీడీలు వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత మెమరీ కార్డులు. "అన్నా, ఫుల్ చేసియ్యి" అని డ్రైవర్లు 4 జీబీ కార్డు చేతిలో పెట్టేవారు. కంప్యూటర్‌లో ఫోల్డర్లకు ఫోల్డర్లే కాపీ కొట్టి 100 రూపాయలు తీసుకునేవాణ్ని. పాటలు ఎక్కణ్నుంచి దించుకున్నానో నాకే లెక్క లేదు.

ఒకరోజు నల్లగొండ వైపు నుంచి ఒక జానపద గాయకుడు షాపుకొచ్చాడు. ఫోను ఛార్జర్ కొనడానికి వచ్చాడు, పాటల కోసం కాదు. ఎదురుగా స్క్రీన్ మీద ఫోల్డర్ల పేర్లు చూస్తూ ఒకచోట ఆగిపోయాడు. అది అతని సొంత ఆల్బమ్. అప్పు చేసి స్టూడియోకి కట్టి, ఎనిమిది పాటలు రికార్డు చేయించుకున్నాడట. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎంతమందికి ఎక్కించినవ్ అన్నా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర లెక్క లేదు. ఛార్జర్ డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రాత్రే ఫోల్డర్లన్నీ తీసేశాను. ఇప్పుడు ఫోన్ రిపేర్లు, కవర్లు, ఛార్జర్లతో షాపు నడుస్తోంది. పండ్ల మార్కెట్ కూడా బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో ఆసుపత్రి లేస్తోంది.

ఇక సారు అడిగిన చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. హక్కుదారు అనుమతి లేకుండా తయారైన కాపీని దేశంలోకి దిగుమతి చేయడం 51వ సెక్షన్ కింద తప్పు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. సొంతానికి, ఇంట్లో వాడుకోవడానికి ఒక్క కాపీ తెచ్చుకున్నవాడికి ఆ దిగుమతి క్లాజు వర్తించదు. 52వ సెక్షన్ కూడా వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఇచ్చింది. 2012 సవరణతో ఆ వెసులుబాటు రికార్డు చేసిన పాటకూ వచ్చింది. కాబట్టి మంచం పక్కన పాట పెట్టుకుని వినే పెద్దాయన గుమ్మంలోకి పోలీసులొస్తారని నేను భయపెట్టను. అలా భయపెట్టేవాళ్ల మాట నమ్మొద్దని కూడా చెబుతాను.

అయితే ఆ మినహాయింపు వినేవాణ్ని కాపాడుతుందే గాని, అమ్మినవాడి తప్పును కడగదు. ఆ సైటుకు పాట మీద హక్కే లేకపోతే, 9 సెంట్లు కట్టినా 90 డాలర్లు కట్టినా అది అనుమతి లేని కాపీయే. సైటు వేరే దేశంలో ఉంది, అక్కడి చట్టాలు వేరు అనే మాటా నిలవదు. మన దేశం 1928 నుంచీ, ఇలాంటి సైటు ఒకటి నడిచిన రష్యా 1995 నుంచీ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి. ఒక దేశం పాటకు ఇంకో దేశం రక్షణ ఇవ్వాలన్నదే దాని సారాంశం. నా సంగతి మరీ వేరు. డబ్బు తీసుకుని అవి నేను పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే అది వ్యాపారం. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఈ నేరంలో పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలు ఇవ్వదగ్గ కోవలోకి రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

"పైసలు కట్టినం గదా" అన్న మాట మీద ప్రపంచంలో పెద్ద పంచాయితీయే నడిచింది. రష్యాలో ఆల్‌ఆఫ్‌ఎంపీ3 అని ఒక సైటు ఉండేది. అమెరికాలో ఐట్యూన్స్ పాటకు 99 సెంట్లు తీసుకుంటున్న రోజుల్లో, ఈ సైటు కూరగాయల్లా తూకానికి అమ్మేది. ఎన్ని మెగాబైట్లయితే అంత ధర. ఆల్బమ్ మొత్తం ఒకటి రెండు డాలర్లకు వచ్చేసేది. మాకు లైసెన్సుంది, రోమ్స్ అనే రష్యా సంస్థకు వాటా కడుతున్నాం అని వాళ్లు చెప్పేవారు. ఆ సంస్థకు మా తరఫున లైసెన్సులిచ్చే అధికారం ఎవరిచ్చారని మ్యూజిక్ కంపెనీలు అడిగాయి. 2006లో వీసా ఆ సైటుకు చెల్లింపులు ఆపేసింది. రష్యాను ప్రపంచ వాణిజ్య సంస్థలో చేర్చుకునే చర్చల్లో అమెరికా దీన్ని ఒక షరతుగా పెట్టింది. 2007లో సైటు మూతపడింది. అదే ఏడాది ఆగస్టులో మాస్కో కోర్టు దాని మాజీ యజమానిని నిర్దోషిగా వదిలేసింది. రష్యా చట్టం లోపలే నడిచిందని తీర్పు.

ఈ కథ చెప్పి "చూశావా, కోర్టే ఒప్పుకుంది" అనేవాళ్లుంటారు. నాకు ఇందులో కనిపించేది వేరు. కొన్నవాళ్లు డబ్బు కట్టారు, సైటు వాటా కట్టానంది, మధ్యలో ఒక సంస్థ తీసుకుంది. పాటల మీద హక్కున్న కంపెనీలు మాత్రం ఆ లైసెన్సు మేమిచ్చింది కాదన్నాయి. ఇన్ని చేతులు మారిన రూపాయి పాడిన మనిషి దాకా నడిచి రాలేదు. నల్లగొండ గాయకుడు నన్ను అడిగింది ఆ లెక్కే.

మన దగ్గర ఆ రూపాయి కోసం కష్టపడి కొట్లాడారు. సినిమా పాట మీద హక్కంతా నిర్మాతకో కంపెనీకో రాసిచ్చేసి, ఒకసారి ఇచ్చిన డబ్బుతో సరిపెట్టుకోవడమే చాలాకాలం రివాజు. రాజ్యసభలో సినీ కవి జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు గట్టిగా మాట్లాడాక 2012లో చట్టం మారింది. సినిమా హాల్లో బొమ్మతో పాటు వినిపించడం తప్పిస్తే, పాటను ఇంకే రకంగా వాడినా రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా రావాలి. ఆ హక్కును వాళ్లు వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకొకరికి రాసిచ్చేయడానికి కూడా వీల్లేదు. పాడినవారికీ రాయల్టీ హక్కు వచ్చింది. 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్ అనే సొసైటీ రచయితలకూ స్వరకర్తలకూ ఆ డబ్బు వసూలు చేసి పంచుతుంది. అంటే ఇప్పుడు దారి ఉంది. సరైన చోట కొన్న పాటకు, ఎంత సన్నటిదైనా సరే, కవి ఇంటి దాకా ఒక కాలువ ఉంది. 9 సెంట్ల సైటు ఆ కాలువను పక్కకు మళ్లిస్తుంది. నా బాధంతా అదే.

2017లో గాయకుడు బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే స్వరకర్త ఇళయరాజా గారి తరఫు లాయర్లు నోటీసు పంపారు, తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని. ఆ వార్త చదివి ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. పాడిన గొంతునే ఆపడమేమిటని షాపుకొచ్చిన ప్రతివాడితో వాదించాను. బాలు గారు మాత్రం ఇలాంటి చట్టముందని తనకు తెలియదని, ఉంటే పాటిస్తానని చెప్పి, ఆ పాటలు లేకుండానే మిగతా కచేరీలకు సిద్ధపడ్డారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన రోజు ఆ సంగతే గుర్తొచ్చింది. తన గొంతుతో లోకానికి చేరిన పాట మీద కూడా ఇంకొకరి హక్కును ఆయన మన్నించారు. అంత పెద్ద మనిషే మన్నిస్తే, వినే మనకు కష్టమేమిటి?

పాత పాటలకు హక్కులేముంటాయని చాలామంది అంటారు. ఇది సగమే నిజం. రికార్డుకు హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లుంటుంది. 1957లో వచ్చిన మాయాబజార్ పాటల రికార్డింగులకు 2017 చివరితో ఆ గడువు తీరిపోయింది. కానీ మాటకూ బాణీకీ లెక్క వేరు. రాసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు, అంటే ఆయన మాటలకు 2031 చివరి దాకా హక్కుంది. 2010లో పోయిన వేటూరి గారి మాటకు 2070 దాకా.

అయితే తప్పంతా కొనేవాళ్ల మీదకు నెట్టడానికి నాకు మనసొప్పదు. మా సారు లాంటివాళ్లకు పాట కొనుక్కుని సొంతం చేసుకునే దుకాణం ఏది? 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అని పాటల అంగడి తెరిచింది. 6 రూపాయల నుంచి పాట, ఏ తాళాలూ లేని ఎంపీ3. 2013 జూన్‌లో మూసేసింది. ఐట్యూన్స్ 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది, 7 రూపాయల నుంచి పాట. ఇప్పుడు గాలి మొత్తం నెలనెలా చందా కట్టే యాప్‌ల వైపు మళ్లింది. చందా ఆపితే పాట ఆగిపోతుంది. ఆ యాప్‌లైనా నిలకడగా ఉంటున్నాయా అంటే, వింక్ 2024లో మూతపడింది. డెబ్బై ఐదేళ్ల మనిషికి పాస్‌వర్డులు, యాప్ అప్‌డేట్‌లు, మధ్యలో ప్రకటనలు... ఆయనకు కావలసింది మీట నొక్కితే మోగే పాట. మ్యూజిక్ కంపెనీలు తమ బీరువాల్లోని తెలుగు పాటలను 7 రూపాయలకో 10 రూపాయలకో, రచన, సంగీతం, గానం పేర్లతో సహా, శాశ్వతంగా దాచుకునేలా అమ్మాలి. అమ్మితే ఆ సైట్లకు మనవాళ్లు కార్డు నంబర్లు ఎందుకిస్తారు? 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సినిమాల సైటు నడిపాడన్న ఆరోపణతో ఒకరిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నప్పుడు మా షాపు ముందు కుర్రాళ్లు అతని వైపే మాట్లాడారు. ఆ మాట నాకు నచ్చలేదు గానీ, ఆ కోపం ఎక్కణ్నుంచి వస్తోందో సినిమావాళ్లూ పాటలవాళ్లూ వినాలి.

వారం తర్వాత సారు మళ్లీ వచ్చారు. నా మీద కోపం పోలేదు, కానీ చేతిలో ఒక గోనె సంచి ఉంది. అటక మీద నుంచి దించిన క్యాసెట్లు. సగానికి సగం నా షాపులో కొన్నవే, కంపెనీ క్యాసెట్లు. ఆయన టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయి మూలన పడి ఉందట. అది తెప్పించి బెల్టు మార్చాను, స్పిరిట్‌లో దూది ముంచి హెడ్డు తుడిచాను. నలభై పాటల చీటీ పక్కన పెట్టుకుని ఇద్దరం సంచి వెతికాం. 31 పాటలు దొరికాయి.

మొదటి క్యాసెట్ పెట్టాను. పాట మొదలైంది. సారు కళ్లజోడు పైకి జరుపుకుని, పసుపు తిరిగిన అట్ట మీది సన్నటి అక్షరాలు వేలితో వరస పట్టి చదివారు. రచన దగ్గర వేలు ఆగింది.

"దాశరథి! మా వరంగల్ దిక్కాయన. ఈ పాట ఆయన రాసిండని ఇన్నేండ్లు నాకు తెల్వనే తెల్వదయ్యా."

పాట సగంలో ఉంది. వెనక్కి తిప్పి మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు.