ప్రశ్నించే నిమిషాల కోసం ఐర్లండ్‌లో పోరు ఎందుకు?

2025 జనవరి 22న ఐర్లండ్ పార్లమెంటు దిగువసభ ‘డాల్’ ఒక ముఖ్యమైన పని కోసం సమావేశమైంది. ఆ రోజు కొత్త ప్రధానిని ఎన్నుకోవలసి ఉంది. ఫియన్నా ఫాల్, ఫినె గేల్ పార్టీలు, వాటికి మద్దతు పలికిన స్వతంత్రులు కలిసి మెజారిటీని ఖాయం చేసుకున్నారు. అయినా ఎన్నిక జరగలేదు. ప్రతిపక్ష సభ్యుల నిరసనలతో సభ పదేపదే స్తంభించి, చివరకు మర్నాటికి వాయిదా పడింది. 23న మీహాల్ మార్టిన్ 95-76 ఓట్లతో ప్రధానిగా ఎన్నికయ్యారు.

ఈ రగడకు కారణం అవినీతి ఆరోపణ కాదు, పన్నుల పెంపూ కాదు. సభలో ప్రశ్నలు అడగడానికి ప్రతిపక్షానికి కేటాయించే సమయంలో ఎవరికి వాటా ఉండాలన్నదే అసలు తగవు. ప్రభుత్వానికి మద్దతిస్తున్న మైఖేల్ లోరీ వర్గపు స్వతంత్ర సభ్యులు ప్రతిపక్ష బల్లలపైనే కూర్చుని, ఆ సమయంలో తమకూ భాగం కావాలన్నారు. ప్రభుత్వానికి ఓటేసేవారు ప్రతిపక్షం ఎలా అవుతారని షిన్ ఫేన్ అధ్యక్షురాలు మేరీ లూ మెక్‌డొనాల్డ్ సహా విపక్ష నేతలంతా నిలదీశారు.

కొద్ది నిమిషాల కోసం ప్రధాని ఎన్నికనే అడ్డుకోవడం దూరం నుంచి చూసేవారికి అతిగా తోచవచ్చు. ఆ నిమిషాల విలువ ఏపాటిదో ఐర్లండ్ ఇటీవలి చరిత్రే చెబుతుంది.

జవాబు చెప్పక తప్పని మూడు నిమిషాలు

డబ్లిన్‌లోని లెన్‌స్టర్ హౌస్‌లో సమావేశమయ్యే డాల్‌లో ప్రస్తుతం 174 మంది సభ్యులున్నారు. మంత్రులను ప్రశ్నించేందుకు వారికి పలు మార్గాలున్నాయి. వాటిలో దేశమంతా చూసేది ‘నేతల ప్రశ్నలు’. మంగళ, బుధవారాల్లో ప్రధాని, గురువారం ఉపప్రధాని సభలో నిలబడి జవాబు చెప్పాలి. ప్రశ్నకు మూడు నిమిషాలు, జవాబుకు మూడు నిమిషాలు, ఆపై చెరొక నిమిషం ఇస్తారు. ఏ అంశం ముందుకు వస్తుందో జవాబు చెప్పేవారికి ముందుగా తెలియదు. అధికారులు రాసిచ్చిన కాగితం అక్కడ పూర్తిగా అక్కరకు రాదు.

రెండోది శాఖలవారీ మౌఖిక ప్రశ్నలు. మంత్రులు వంతులవారీగా సభకు వచ్చి వీటికి సమాధానమిస్తారు. ఇందులో ‘ప్రాధాన్య ప్రశ్నలు’ ప్రతిపక్ష వర్గాలకే ప్రత్యేకం. చిన్న పార్టీలు, స్వతంత్రులు కనీసం ఐదుగురు కూడితే ఒక వర్గంగా గుర్తింపు పొంది సమయం పొందవచ్చు. మూడోది లిఖితపూర్వక ప్రశ్న. పైకి చప్పగా కనిపించినా అసలు బలం తరచూ దీనిలోనే ఉంటుంది. సాధారణంగా మూడు పనిదినాల్లో దీనికి జవాబు రావాలి. ఆ జవాబు సభా రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతుంది. ఈ రోజు మంత్రి రాసింది రేపు బయటపడే పత్రంతో సరిపోలకపోతే, ఆ తేడాయే కొత్త ప్రశ్న అవుతుంది.

సైట్‌సర్వ్: ఒక సభ్యురాలి పట్టుదల

ఈ తేడాను పట్టుకున్న నేతగా క్యాథరిన్ మర్ఫీ గుర్తుండిపోతారు. కిల్డేర్ నార్త్ నుంచి స్వతంత్రురాలిగా గెలిచిన ఆమె, 2015 జులైలో ఏర్పడిన సోషల్ డెమోక్రాట్స్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు. అంతకుముందే ఆమె సైట్‌సర్వ్ అనే సంస్థ అమ్మకంపై దృష్టి పెట్టారు.

2008 ఆర్థిక సంక్షోభంలో కూలిన ఆంగ్లో ఐరిష్ బ్యాంకును ప్రభుత్వం 2009లో జాతీయం చేసింది. అది తర్వాత ఐబీఆర్‌సీగా మారింది. నిర్మాణ, నిర్వహణ సేవల సంస్థ సైట్‌సర్వ్ దీనికి సుమారు 15 కోట్ల యూరోలు బాకీ పడింది. 2012లో ఆ సంస్థను దాదాపు 4.5 కోట్ల యూరోలకు వ్యాపారవేత్త డెనిస్ ఓబ్రియన్‌కు చెందిన కంపెనీ కొనుగోలు చేసింది. బ్యాంకు 10 కోట్ల యూరోలకు పైగా అప్పును వదులుకుంది. సైట్‌సర్వ్ వాటాదారులకు మాత్రం సుమారు 50 లక్షల యూరోలు దక్కాయి. ప్రజాధనంతో నడిచే బ్యాంకు నష్టపోతున్నప్పుడు వాటాదారులకు చెల్లింపు ఎందుకన్నది సామాన్యుడికైనా తట్టే సందేహమే.

మర్ఫీ దాన్ని ఆర్థిక మంత్రి మైఖేల్ నూనన్ ముందుంచారు. అది బ్యాంకు బోర్డు వాణిజ్య నిర్ణయమన్న తరహాలో జవాబులు వచ్చాయి. ఆమె అక్కడితో ఆగలేదు. మాట మార్చి, కోణం మార్చి మళ్లీ మళ్లీ అడిగారు. సమాచార హక్కు చట్టం కింద 2015లో ఆమెకు అందిన పత్రాల్లో అసలు విషయం బయటపడింది. ఆ అమ్మకంపై ఆర్థిక శాఖ అధికారులు 2012లోనే ఆందోళన వ్యక్తం చేశారు. తన ప్రశ్నలకు వచ్చిన జవాబుల్లో ఆ సంగతి లేదని మర్ఫీ ఆక్షేపించారు. తాను సభను తప్పుదోవ పట్టించలేదని నూనన్ వాదించారు.

ఐబీఆర్‌సీ లిక్విడేటర్లతోనే సమీక్ష జరిపిస్తామని ప్రభుత్వం తొలుత ప్రకటించింది. ఆ లిక్విడేటర్లు కేపీఎంజీ సంస్థకు చెందినవారు. సైట్‌సర్వ్ అమ్మకంలో సలహాదారుగా వ్యవహరించినదీ అదే సంస్థ. ఈ అభ్యంతరాన్నీ ప్రతిపక్షమే లేవనెత్తింది. చివరకు 2015 జూన్‌లో విచారణ కమిషన్ ఏర్పాటైంది.

సభలో పలికిన మాట పత్రికలో రాకపోతే?

కమిషన్ రావడానికి కొద్ది రోజుల ముందు మరో కీలక ఘట్టం చోటుచేసుకుంది. ఐబీఆర్‌సీలో ఓబ్రియన్ రుణాల షరతులకు సంబంధించి 2015 మే 28న మర్ఫీ సభలో కొన్ని వ్యాఖ్యలు చేశారు. ఆయన వాటిని తోసిపుచ్చారు. ఆయన బ్యాంకు వ్యవహారాలను ప్రసారం చేయకుండా ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈపై అప్పటికే హైకోర్టు నిషేధ ఉత్తర్వు ఉంది. దీంతో సభలో అందరి ముందు పలికిన మాటలను, పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవగలిగిన మాటలను ప్రచురించేందుకు ఐర్లండ్‌లోని ప్రధాన పత్రికలు, టీవీ చానళ్లు వెనుకాడాయి.

ఐర్లండ్ రాజ్యాంగంలోని 15వ అధికరణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సభలో పలికిన మాట ఎక్కడ ప్రచురితమైనా దానికి రక్షణ ఉంటుంది. సభ్యులు తమ మాటలకు సభకే తప్ప మరే న్యాయస్థానానికీ జవాబుదారులు కారు. అయినప్పటికీ ఆర్‌టీఈ, ఐరిష్ టైమ్స్ కోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. సభలోని మాటలను నివేదించడాన్ని అడ్డుకోవడం తన ఉత్తర్వు ఉద్దేశం కాదని జూన్ 2న హైకోర్టు తేల్చిచెప్పింది. సభ్యుల వ్యాఖ్యలపై సభా కమిటీ వ్యవహరించిన తీరును సవాలు చేస్తూ ఓబ్రియన్ వేసిన కేసును హైకోర్టు కొట్టివేయగా, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆయన అప్పీలును తిరస్కరించింది.

భారత పాఠకులకు ఇది పరాయి కథ కాదు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఐర్లండ్ రాజ్యాంగమే ప్రేరణ. పార్లమెంటు చర్చలను ప్రచురించే పత్రికలకు చట్టపరమైన రక్షణ ఉండాలంటూ ఫిరోజ్ గాంధీ తెచ్చిన ప్రైవేటు సభ్యుడి బిల్లు 1956లో చట్టమైంది. అత్యవసర పరిస్థితిలో దాన్ని రద్దు చేశారు. 1977లో పునరుద్ధరించారు. 44వ సవరణ ద్వారా 361ఏ అధికరణంగా అది రాజ్యాంగంలోకే చేరింది. సభ్యుడి గొంతుకు ఇచ్చే రక్షణ, ఆ గొంతును జనానికి వినిపించే పత్రికకు లేకపోతే సగమే అవుతుంది. ఈ సత్యాన్ని ఢిల్లీ, డబ్లిన్ రెండూ అనుభవంతోనే తెలుసుకున్నాయి.

ఆలస్యానికి ప్రజలే మూల్యం చెల్లిస్తారు

సైట్‌సర్వ్‌పై కమిషన్ నివేదిక 2022 సెప్టెంబరులో వెలువడింది. ఐబీఆర్‌సీ సదుద్దేశంతోనే అమ్మకాన్ని ఆమోదించిందని, అయితే సైట్‌సర్వ్ ఇచ్చిన అసంపూర్ణ, తప్పుదోవ పట్టించే సమాచారం ఆధారంగా ఆ నిర్ణయం తీసుకుందని కమిషన్ నిర్ధారించింది. బ్యాంకు కోణంలో ఆ లావాదేవీ వాణిజ్యపరంగా సబబైనది కాదని తేల్చింది. అమ్మకం జరిగిన పదేళ్లకు, కమిషన్ వేసిన ఏడేళ్లకు ఈ జవాబు వచ్చింది. విచారణ ఖర్చు కోట్ల యూరోలకు చేరింది. ఆ భారం మోసింది కూడా ప్రజల ఖజానాయే.

ఐర్లండ్‌కు ఈ పాఠం కొత్తది కాదు. గొడ్డుమాంసం ఎగుమతుల పరిశ్రమలో అక్రమాలపై 1991లో అక్కడ ట్రైబ్యునల్ ఏర్పాటైంది. అంతకుముందు ప్రతిపక్ష సభ్యులు వాటిపై డాల్‌లో ప్రశ్నలు అడిగారు. తన ముందు వస్తున్న తరహా జవాబులే సభలోనూ ఇచ్చి ఉంటే ఈ విచారణ అవసరమే ఉండేది కాదని, ఎంతో డబ్బు, సమయం మిగిలేవని ట్రైబ్యునల్ సారథి జస్టిస్ లియామ్ హామిల్టన్ వ్యాఖ్యానించారు. మంత్రి నేర్పుగా దాటవేసిన ప్రశ్న అక్కడితో చచ్చిపోదు. కొన్నేళ్ల తర్వాత విచారణ కమిషన్ రూపంలో, మరింత ఖర్చుతో తిరిగొస్తుంది.

మన దేశంలో 1957 నాటి ముంద్రా వ్యవహారం మరో దారిని చూపింది. వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టుబడులపై లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. ఫిరోజ్ గాంధీ దాన్ని పట్టుకుని నిలదీశారు. జస్టిస్ ఎం.సి.చాగ్లా బహిరంగ విచారణను వారాల వ్యవధిలో పూర్తిచేశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఎవరు అడిగితే ప్రశ్న?

ఫిరోజ్ గాంధీ అధికార కాంగ్రెస్ సభ్యుడే. ప్రభుత్వ పక్షంలోనివారు కూడా నిజమైన ప్రశ్న అడగగలరనేందుకు ఆయనే నిదర్శనం. ఆ మేరకు లోరీ వర్గపు వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. వారినీ ప్రజలే ఎన్నుకున్నారు. తమ నియోజకవర్గాల సమస్యలు ప్రస్తావించే హక్కు వారికీ ఉంది. ఆ హక్కును ఎవరి సమయం నుంచి కోసి ఇవ్వాలన్న దగ్గరే చిక్కంతా. ప్రభుత్వానికి అండగా నిలిచినవారికి మంత్రుల వద్దకు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ప్రతిపక్ష సభ్యుడికి, అందునా మర్ఫీ వంటి స్వతంత్రురాలికి, సభలోని ఆ కొద్ది నిమిషాలే దారి. ఫిరోజ్ గాంధీ వంటివారు అరుదు. అరుదైనవారి మీద భరోసాతో సభా నియమాలు రాయడం వివేకం కాదు.

లోరీ వర్గాన్ని ప్రతిపక్ష వర్గంగా గుర్తించలేమని స్పీకర్ వెరోనా మర్ఫీ 2025 ఫిబ్రవరిలో తేల్చారు. ఐర్లండ్‌లో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమె. తగవు మాత్రం అక్కడితో తీరలేదు. మార్చి 25న తీవ్ర గందరగోళం నడుమ ప్రభుత్వం సభా నియమాలను మార్చింది. ప్రధానిని ప్రశ్నించేందుకు ప్రభుత్వ మద్దతుదారులకూ ప్రత్యేక సమయం కల్పించింది. ఆ రోజు సభను నడిపిన తీరును నిరసిస్తూ ప్రతిపక్షం స్పీకర్‌పై అవిశ్వాసం ప్రకటించింది. ఏప్రిల్ 1 నాటి ఓటింగ్‌లో ఆమె నెగ్గారు.

‘నేతల ప్రశ్నల’కు లోటు రానివ్వలేదని ప్రభుత్వం అంటోంది. మద్దతుదారుల మెత్తని ప్రశ్నలతో పరిశీలన పదును తగ్గుతుందని ప్రతిపక్షం అంటోంది. ఈ రెండు వాదనల్లో ఏది నిజమో ఓట్ల లెక్కతో తేలదు. రాబోయే రోజుల్లో సభా రికార్డులో చేరే ప్రశ్నలు, జవాబులే తేలుస్తాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ప్రభుత్వాల సంగతి చెప్పనక్కరలేదు. సైట్‌సర్వ్ అమ్మకం గురించి లిఖితపూర్వక జవాబుతో సరిపెట్టుకుని ఒక సభ్యురాలు ఆగిపోయి ఉంటే, కోట్ల యూరోల ప్రజాధనం ఎలా పోయిందో ఐర్లండ్ పౌరులకు నేటికీ తెలిసేది కాదు.