ముందు కుంట, తర్వాతే రోడ్డు

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి, ఉపాధి పనుల్లో ఏది ముందో చెప్పమన్నారు. మా మార్కాపురం, గిద్దలూరు పక్క ఊళ్లల్లో ఎవురి నోట విన్నా సిమెంటు రోడ్డే. రోడ్డు కంటికి కనబడుద్ది, భూమిలో ఇంకిన నీళ్లు కనబడవు గదా!

1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ కోసం ఎదురుచూస్తా కూర్చుంటే బోర్లు నిండవు. నేననేది ఏందంటే, ఉపాధి ఖర్చులో కనీసం 60 శాతం కూలీకి, సామగ్రికి 40 శాతం దాటకూడదు. అంటే మట్టిపని ఎంత జరిగితే రోడ్డుకు అంత డబ్బు పుడుద్ది. కుంట పూడిక తీస్తే కూలీ మనకే, నీళ్లూ మనకే, తర్వాత రోడ్డూ వస్తది.

తమ్ముళ్లూ, ఈసారి సభకు పోండి. తీర్మానంలో కుంటనే ముందు రాయించండి.