తొలి అడుగులోని తప్పులు

మా పాఠశాల విజ్ఞానశాస్త్ర సంఘమువారు ఈ సంవత్సరము ఒకనాటి సాయంకాలమున "స్టార్ ట్రెక్" అను అమెరికా టెలివిజన్ ధారావాహికలోని పాత కథ నొకదానిని విద్యార్థులకు చూపించిరి. మరునాడే ఒక విద్యార్థి తండ్రిగారు వచ్చి, "మంచి కథలు అన్ని ఉండగా, నిండ తప్పులున్న దానినే ఏరి పిల్లలకు చూపనేల?" అని అడిగిరి. ఈ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. కావున దీనికి పత్రికాముఖముననే సమాధానము చెప్పుట మా విధి యని తలంచుచున్నాము. ఈ ప్రశ్న ఒక్క కథతో తీరునది కాదు. మన పిల్లల వ్రాతకును, మన యింటి తెలుగునకును దీనితో సంబంధము గలదు.

ముందు ఆ ధారావాహికను గూర్చి రెండు మాటలు. దానిని సంకల్పించినవాడు జీన్ రాడెన్‌బెరీ. 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికాలో ప్రసారము మొదలై, 79 కథలతో 1969లో ముగిసెను. 1980ల దశకములో మన దూరదర్శన్ కూడ దానిని ప్రసారము చేసెను. ఎంటర్‌ప్రైజ్ అను నౌక, దాని నాయకుడు కర్క్, మొనదేలిన చెవుల స్పాక్ లోకమున ఎందరికో ఆప్తులైరి. మేము చూపించిన కథ ఆ ఆప్తులకు ఇంకను పూర్తి రూపము ఏర్పడక ముందటిది. దాని పేరు "వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్", అనగా మానవుడింతకు ముందు పోని చోటు. సామ్యూల్ పీపుల్స్ వ్రాసిన ఈ కథను 1965 జులైలో మచ్చుగా చిత్రించి, 1966 సెప్టెంబరు 22న మూడవ కథగా ప్రసారము చేసిరి.

కథ యిది. నౌక మన పాలపుంత అంచును చేరును. అచ్చట నిప్పుగోడవంటి శక్తిపొర అడ్డుపడును. దానిని తాకినంతనే తొమ్మండుగురు మరణింతురు. కర్క్‌కు చిరకాల మిత్రుడైన గ్యారీ మిచెల్ కన్నులు వెండివలె మెరయసాగును. అతనికి దినదినము వింతశక్తులు అబ్బును. గ్రంథములకు గ్రంథములు చూచినంతనే చదివివేయును, చేయి చాపకయే వస్తువులను కదలించును, తుదకు తానే దేవుడనని తలంచును. మిత్రుని చంపవలెనా, తన్ను నమ్మిన నావికులను బలిపెట్టవలెనా అనునది కర్క్‌కు వచ్చిన ధర్మసంకటము. స్పాక్ కఠినమైన మాట చెప్పును. కర్క్ మనసొప్పక మిత్రుని ఒక నిర్జన గ్రహమున విడువ జూచును. కాని చివరకు తన చేతులతోనే అతనిని అంతమొందింపవలసి వచ్చును. అటుపిమ్మట నౌక దినచర్యలో, మిత్రుడు కర్తవ్యపాలనలో మరణించెనని వ్రాయించును. ఆ దుర్గతిని అతడు తానై కోరుకొనలేదు గదా యని స్పాక్‌తో అనును. ఇది చూచుచున్నపుడు మా పిల్లలలో ఒక్కరును కదలలేదు.

ఇంత మంచి కథలో తప్పులును ఉన్నవి. అవి అన్నియు ఒక జాతివి కావు. మా దృష్టిలో అవి మూడు విధములు.

మొదటివి అనుభవము చాలక దొరలినవి. మిచెల్ తన శక్తిచే, బ్రదికియున్న కర్క్‌కు సమాధి కల్పించి, రాతిమీద పేరు చెక్కించును. ఆ రాతిమీద "జేమ్స్ ఆర్. కర్క్" అని యుండును. తరువాత ఆ నాయకుని పేరు జేమ్స్ టి. కర్క్‌గా స్థిరపడినది. కథానాయకుని పేరే ఇంకను కుదరలేదన్నమాట! దీనిని మొట్టమొదట పట్టినది మా తొమ్మిదవ తరగతి బాలిక. తరువాత ఎన్నడో గాని గొంతెత్తని స్పాక్ ఇచ్చట కేకలు వేయును. అతని చొక్కా రంగును వేరు. వైద్యుడు మెకాయ్ లేడు. వార్తాధికారిణి ఉహూరా లేదు. తరువాత నౌకను నడపిన సులూ ఇచ్చట శాస్త్రజ్ఞుడు. కొత్తగా నడక నేర్చిన బిడ్డ చెప్పులు కుడియెడమలు మార్చి తొడిగికొన్నట్టివి ఈ తప్పులు. చూచి నవ్వవచ్చును, ఆ నవ్వులో ప్రేమ యుండవలెను.

రెండవవి తెలివిడికి సంబంధించినవి. పాలపుంత అడ్డుకొలత సుమారు 1 లక్ష కాంతిసంవత్సరములు. మన సూర్యుడు దాని నడిబొడ్డునుండి సుమారు 26,000 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నాడు. ఆ పుంత అంచున గోడ ఏదియు లేదు. మన ఊరి చివర ఇండ్లు పలుచబడి చేలలో కలిసిపోవునట్లు, నక్షత్రములు క్రమముగా పలుచబడిపోవును. ఇక దూరము సంగతి. 1977లో బయలుదేరిన వాయేజర్-1 నౌక 35 ఏండ్లు ప్రయాణము చేసి, 2012లో సూర్యుని గాలి చెల్లు హద్దును దాటెను. నిమిషమునకు 1,000 కిలోమీటర్లు పోవు ఆ నౌక వేగముతో పోయినను, సూర్యునికి మిక్కిలి దగ్గరి నక్షత్రమంత దూరము నడచుటకే 70,000 ఏండ్లకు పైగా పట్టును. మనసుతో వస్తువులను కదలించు శక్తియు నమ్మదగిన పరీక్షలకు నిలిచినది కాదు. ఇట్టి తప్పులను నవ్వి విడువరాదు. పిల్లలకు విడమరచి దిద్దవలెను. ఆ సాయంకాలము మా ఉపాధ్యాయులు చేసినది అదియే.

మూడవవి మనసుకు సంబంధించినవి. నౌకలో ఎలిజబెత్ డెనర్ అను మానసిక వైద్యురాలు గలదు. మిచెల్ తన చొరవను ఆమె మెచ్చలేదని ఆమెను మంచుపెట్టెతో పోల్చి పరిహసించును. ఎవ్వరును అతనిని మందలింపరు. పైగా, ఉద్యోగినులగు స్త్రీలు అవసరమునకు మించి బిగుసుకొందురన్నట్టి మాటను కథకుడు ఆమె నోటనే పలికించినాడు. "ఆ కాలము అట్టిది" అని కొందరు సమర్థింతురు. మేమును మొదట అట్లే అనుకొంటిమి. కాని ఈ కథకు ముందు, 1964 చివర, ఇదే బృందము "ది కేజ్" అను మచ్చుకథను చిత్రించెను. అందులో నాయకుని తరువాతి స్థానము ఒక స్త్రీది! అంతకుముందే మేలైనది ఊహింపగలిగినవారికి కాలము మీద నేరము మోపు వీలు లేదు. కథాంతమున తన ప్రాణము ధారపోసి కర్క్‌ను గెలిపించినదియు ఆ వైద్యురాలే. కనుక ఈ తప్పును తప్పే యని పిల్లల యెదుట చెప్పవలెను.

చెప్పి ఊరకుండుట కాదు, తరువాత ఏమి జరిగెనో కూడ చెప్పవలెను. ఆ ధారావాహికలో ఉహూరా పాత్ర వచ్చెను. నిషెల్ నికల్స్ అను నల్లజాతి నటి ఆ పాత్ర ధరించెను. దానిని చూచి ఉత్సాహము పొందిన మే జెమిసన్ 1992లో రోదసికి పోయిన మొదటి నల్లజాతి మహిళ యయ్యెను. మొదటి మచ్చుకథ సంగతియు వినదగినది. బుద్ధికి మితిమీరి పని పెట్టుచున్నదని ఎన్.బి.సి. సంస్థవారు "ది కేజ్" కథను త్రోసిపుచ్చిరి. రాడెన్‌బెరీ దానిని పారవేయలేదు. దానిలోని భాగములను 1966లో మరొక కథలో పొదిగి, "ది మెనాజరీ" అను పేర రెండు భాగములుగా చూపించెను. 1967లో దానికే హ్యూగో బహుమానము లభించినది.

ఇక మన సంగతికి వత్తము. ఆక్షేపించిన ఆ తండ్రిగారి కుమారుడు ఈ సంచికకు తమ ఊరి జాతరను గూర్చి వ్యాసము పంపెను. అందులో "అందరము ఊట చేసినాము" అని వ్రాసెను. కన్నడమున ఊట యనగా భోజనము. తెలుగున నీటి ఊట. ఒకచోట పని యనుటకు బదులు "కెలసము" అనెను. "ఇది అచ్చయినచో ఆంధ్ర ప్రాంతపు మా చుట్టములు నవ్వుదురు, మీరే తిరిగి వ్రాసి వేయుడు" అని ఆయన కోరిరి. ఆ కోరికలోని తండ్రి మనసు మాకు తెలియును. పావగడ తాలూకాలో పుట్టి, ఇంట తెలుగు, సంతలో కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలసిన బిడ్డకు మూడు చోట్లను నవ్వువారే ఎదురగుదురు. ఆ నవ్వునకు భయపడి కలము పట్టుటయే మానుకొన్నవారిని మేమెరుగుదుము.

కాని మేము తిరిగి వ్రాయలేదు. అక్షరదోషములు దిద్దితిమి. జాతర ఎప్పుడు మొదలైనదో పొరబడిన చోట సరిచేసితిమి. "ఊట"ను అట్లే ఉంచి, దాని క్రింద అర్థము వేసితిమి. ఆ మాట ఆ బిడ్డ ఊరి మాట. దానిని తీసివేసినచో ఆ వ్యాసము ఆ బిడ్డది కాజాలదు. ఇదే సంచికకు మరొక వ్యాసము వచ్చినది. అందు ఒక్క అక్షరదోషము లేదు, తెలుగు నిండుగా నున్నది. కాని అది తరగతిలోని ఒక కన్నడ బాలుని ఉచ్చారణను వెక్కిరించుచున్నది. దానిని మేము ప్రకటింపలేదు. వ్రాసిన విద్యార్థిని పిలిచి కారణము చెప్పితిమి. తన భాషను చూచి ఎవరైన నవ్వినపుడు కలుగు బాధ మనకు తెలిసినంతగా మరెవరికి తెలియును?

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ పిల్లల తొలి నోటుపుస్తకములను పాత కాగితములవానికి తూకమునకు వేయకుడు. ఇంట చోటు లేనిచో మాకు పంపుడు; పాఠశాల గ్రంథాలయపు బీరువాలో వారి పేరు వ్రాసి దాచెదము. పదియేండ్ల తరువాత ఆ పిల్లలే వచ్చి తెరచి చూచుకొందురు గాక. అందు నవ్వదగినవేవో, దిద్దదగినవేవో, సిగ్గుపడదగినవేవో అప్పుడు వారే తేల్చుకొందురు.