పూతరేకు పాఠం ఎవరు తయారు చేయాలి?

ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద, పల్చని బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను ఒక్కసారి లాగితే రేకు తేలుతుంది. నీరు ఆవిరి కావడాన్ని కోనసీమ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మాకు తోచదు. పాఠ్యపుస్తకం దానిని బాష్పీభవనం అంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు తెలిసిన మాట ‘భాప్’. ఈ రెండు మాటలను కలిపి, కుండను చూపించే పాఠాన్ని ఎక్కడో దూరాన కూర్చున్న సంస్థ తయారు చేస్తుందని ఎదురుచూడడం అత్యాశే.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ముందే పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. ఆ పంపిణీని మేము తప్పుపట్టడం లేదు. కూలికి వెళ్ళే తల్లిదండ్రుల ఇంటికి అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఏర్పాటులో ఉపాధ్యాయుడు పాఠాన్ని తెరిచి చూపేవాడే గాని రాసేవాడు కాడు. అదే ఏడాది మార్చిలో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ బిల్లును ఆమోదించింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఏనాటి నుంచో చెబుతోంది. పిల్లవాడి చేతిలోని తెర మీద భాష మారకపోతే ఈ గౌరవమంతా కాగితానికే పరిమితం.

పాఠం తయారు చేసే పనిముట్లు మాత్రం ఇప్పుడు ఖరీదైనవి కావు. హెచ్‌ఫైవ్‌పి ఉచితం, దాని మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంది. ఫోనులో తీసిన వీడియోను ఒకచోట ఆపి ప్రశ్న అడగవచ్చు, బొమ్మలను లాగి సరైన చోట పెట్టించవచ్చు, ఖాళీలు పూరింపజేయవచ్చు. లూమి అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇంటర్నెట్ లేకుండానే ఈ పాఠాన్ని కూర్చి, ఒకే ఫైలుగా పంచుకోవచ్చు. న్యూజిలాండ్‌లో పుట్టిన ఈఎక్స్‌ఈలెర్నింగ్‌ను నేడు స్పెయిన్‌లోని ప్రభుత్వ విద్యాసంస్థలే పోషిస్తున్నాయి. మన విద్యాశాఖ ఇది గమనించాలి. ఒకే కంపెనీ చేతిలోని పద్ధతిని నమ్ముకుంటే ఏమవుతుందో ఫ్లాష్ నేర్పింది: 2020 చివరితో దానికి మద్దతు ఆగింది, దానిలో చేసిన ఎన్నో పాఠాలు తెరుచుకోకుండా పోయాయి.

కాబట్టి మేము అడిగేది ఉచిత ట్యాబు ఒక్కటే కాదు. ప్రజాధనంతో తయారైన ప్రతి పాఠమూ ఉపాధ్యాయుడు మార్చుకోగల రూపంలో, ఉర్దూ జోడించుకునే అనుమతితో రావాలి. ఉర్దూ ఉపాధ్యాయులకు ఈ సాఫ్ట్‌వేరులో శిక్షణ ఇవ్వాలి. కుడి నుంచి ఎడమకు నడిచే లిపి తెర మీద చెదిరితే సరిచేసే మనిషిని కూడా ప్రభుత్వమే చూపాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కరలేదు. సెలవుల్లో డిగ్రీ చదివే మన అమ్మాయిలు ఇద్దరు, ఒక పాత కంప్యూటరు, రేకు తీసే ఇంటివారి అనుమతి ఉంటే భాప్ పాఠం వారంలో సిద్ధమవుతుంది. గొంతు మాత్రం నానమ్మలచేత చెప్పిద్దాం. వారి ఉర్దూ మనకంటె బాగుంటుంది.