వెలుతురు కూడ పెట్టుబడియే

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల మాగాణి రైతు కాలువనీటికొరకు అధికారులను, ఎరువుకొరకు సొసైటీని, గిట్టుబాటు ధరకొరకు ప్రభుత్వమును నిలదీయుచున్నాడు; అది న్యాయమే. అయితే అప్పు చేయకుండ లభించు పెట్టుబడి యొకటి కలదు. అది వెలుతురు. దాని పద్దు చూచుకొననందువలననే సార్వా పైరులో యూరియా దండుగ యగుచున్నదని నా అభిప్రాయము.

ఆకునందలి పత్రహరితము సూర్యరశ్మిలోని ఎరుపు, నీలి కిరణములను విశేషముగ గ్రహించి, ఆ శక్తితో నీటిని విడగొట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చును. వెలుతురు సోకినపుడే ఆకు ప్రాణవాయువును వెలువరించునని ఇంగెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు 1779లోనే నిరూపించెను. ఎండ పెరిగినకొలది ఈ క్రియ అంతులేక పెరుగునా యనిన, పెరుగదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు సగముతోనే వరి ఆకు తృప్తి నొందును. పై ఆకునకు ఎండ మిగిలిపోవుచుండగా, దాని నీడలో మ్రగ్గు క్రింది ఆకు తాను కూడబెట్టినదానికంటె శ్వాసక్రియకు వెచ్చించునదే ఎక్కువై దుబ్బునకు భారమగును.

బాపట్ల పరిశోధనాస్థానమునుండి 1986లో వెలువడి దేశమంతట పేరొందిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, మన పొలములలో శ్రావణ భాద్రపదముల మబ్బుక్రింద పిలకవేసి, వాయుగుండముల కాలమున ఈనుచున్నది. గింజలో నిండు పిండిపదార్థములో అధికభాగము ఈనిన పిమ్మట ఆకులు వండునదే గనుక, అప్పటి మబ్బునకు ఫలము తాలు. మబ్బుదినములలో పైరు కొంచెము పాలిపోగానే మరియొక కట్ట యూరియా చల్లుట వాడుకయైనది. వెలుతురు లేనపుడు చల్లిన ఆ నత్రజని ఆకును వెడల్పుచేసి, నీడను చిక్కన చేసి, కాడను మెత్తబరచి, అగ్గితెగులునకును దోమపోటునకును దారితీసి, తుదకు చేనును పడవేయును.

క్రింది ఆకునకును వెలుతురు అందుటకై వరిచేనులో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పుపడమరలుగా విడువుమని శాస్త్రజ్ఞులు ఏనాటినుండియో చెప్పుచున్నారు. పదింట ఒకపాలు నేల పోవునని రైతు సంకోచించును. కాని బాట ప్రక్కనున్న దుబ్బులను వంగి చూచినచో మొదటివరకు ఆకు పచ్చగా నుండును. చేను నడుమ, దట్టముగా నాటినచోట, అదే వయసు దుబ్బు అడుగున పసుపువారి యుండును. నాట్లనాడు కూలీలకు కొంత పని పెరుగుననుట మాత్రము నిజము.

అన్ని పైరులకు ఎండ ఒక్కతీరున కావలయుననుటయు పొరపాటే. పొన్నూరు, బాపట్ల ప్రాంతపు తమలపాకు తోటలలో తీగ అవిశె చెట్ల నీడనే ప్రాకును; తీక్ష్ణమైన ఎండ తగిలినచో ఆకు మాడును, నీడ మించినచో తీగ సాగిలపడును గావున, అదునెరిగి అవిశె కొమ్మలు నరకుట ఆ తోటమాలి విద్య. వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండ విత్తు మొక్కజొన్న వేరు జాతిది. వరి వాడుకొనలేని తీవ్రమైన ఎండను సైతము అది గింజగా మార్చుకొనును. రబీలో అది మన నేలలయందు నిలద్రొక్కుకొనుటకు ఇదియు నొక కారణము.

1945లో వెలసిన వ్యవసాయ కళాశాల బాపట్లలోనే యుండగా ఈ జ్ఞానము రైతు గట్టువరకు చేరకపోవుట తగదు. రైతు సేవా కేంద్రమున వాన సూచనతోపాటు మబ్బు సూచనయు, దానినిబట్టి పైపాటు యూరియా ఎన్ని దినములు ఆపవలెనో, పలకమీద పెద్ద అక్షరములతో వ్రాయవలెను. అందులకు కొత్త నిధులు అక్కరలేదు. కట్ట యూరియా మిగిలినను రైతునకు లాభమే.