మృతుల లెక్క – రోగతీవ్రత

ఏ యాసుపత్రిలో నెందఱు మరణించిరో లెక్కించుట సులభము. ఆ లెక్కనుబట్టియే యాసుపత్రి మంచిచెడ్డలను నిర్ణయించుట మాత్రము ప్రమాదకరము. చేరునప్పటికి రోగు లెట్టి స్థితిలో నుండిరో తెలియనిదే మృతుల సంఖ్యకు అర్థము లేదు.

1986లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ, ముఖ్యముగా వృద్ధరోగుల మరణముల నాధారము చేసికొని, ఆసుపత్రుల వారీగా పట్టికను ప్రకటించెను. అందు మరణములు మిక్కిలి హెచ్చుగా గనబడిన సంస్థ, బ్రదుకుపై నాశ లేనివారికి కడపటి దినములలో నుపశమనము గూర్చుటకై నెలకొల్పబడినది! చావ వచ్చినవారు చచ్చిరని సంస్థను నిందించుట యేమి న్యాయము? రోగతీవ్రతకు దగిన సర్దుబాటు కుదరక, ఆ ప్రకటనలు 1993లో నిలిచిపోయెను.

ఈ లోపమునకు విరుగుడు రోగతీవ్రతను గొలుచుటయే. 1981లో జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు 'అపాచీ' యను కొలమానమును ప్రకటించిరి. 1985 నాటి దాని రెండవ రూపమున, తీవ్రచికిత్సా విభాగమున జేరిన తొలి 24 గంటలలో నాడి, శ్వాస, రక్తపుపోటు, జ్వరము మొదలగు 12 విషయములను పరీక్షింతురు. వానిలో మిక్కిలి చెడిన యంకెలకు వయస్సును, దీర్ఘవ్యాధులను జేర్చి 0 మొదలు 71 వఱకు గణింతురు. అంకె పెరిగినకొలది ప్రాణాపాయము హెచ్చు.

ఒక యాసుపత్రిలో నూర్గురిలో 10 మంది మరణించిరనియు, వారి స్థితినిబట్టి యంచనా 5 మాత్రమే యనియు ననుకొందము. వేఱొకచోట నూర్గురిలో 30 మంది మరణించిరి. అచటి యంచనా 40. పైచూపునకు మొదటిదే మేలు. విచారించినచో రెండవదే మేలు. మొదటిదానికి కీర్తియు, రెండవదానికి నిందయు దక్కుచుండ, విషమరోగిని జేర్చుకొనుటకు సాహసించు వైద్యు డెవడు? వాకిటనుండియే త్రిప్పి పంపబడిన రోగి మరణము ఆ యాసుపత్రి పట్టికలోని కెక్కదు.

అయినను కొలమానము విధివ్రాత కాదు. సమూహమునకు వర్తించు నంచనా యొక్కొక్క రోగి పాలిటి తీర్పు కాజాలదు. అంకె పెద్దదని చికిత్స మానుట దారుణము. తీవ్రతను హెచ్చించి వ్రాసి పేరు గడించు ప్రలోభమును గలదు. కావున ఆసుపత్రి వ్రాసిన యంకెలను దానితో సంబంధము లేనివారు తనిఖీ చేయవలయును.

ప్రజలకు మేము విన్నవించున దొక్కటే: ఎందఱు మరణించిరని యడుగుటకు ముందు, ఎట్టివారు చేరిరని యడుగుడు. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన జూపని పట్టికను నమ్మి యే యాసుపత్రిని పొగడకుడు, తెగడకుడు.